దొరసాని కొరికిందా

జనవరి 9

వదినకి,

ఇక్కడ నేనూ, నా గుర్రాలూ క్షేమం. అక్కడ నువ్వూ, అన్నయ్యా, అన్నయ్య బాగుచేసే లిఫ్టులూ క్షేమమనే అనుకుంటున్నాను. ఫోను చేయకుండా ఉత్తరాలేమిటని తిట్టుకోకు. ఇక్కడ ఆఫీసులో ఒకటే ఫోను. నేను "హలో" అనగానే పక్క బల్ల దగ్గరి గుమస్తా రాసేది ఆపి చెవులు రిక్కిస్తాడు. కిందటిసారి నువ్వేమో "ఇంతకీ నీ పనేమిటే, గుర్రాలకి పెళ్ళిళ్ళు చేయడమా" అని గట్టిగా అడిగావు. అతను ఇంకా ఆ మాట అందరికీ చెప్పి నవ్వుతున్నాడు.

నిజానికి అదే నా పని. ఇది గుర్రాల్ని పెంచి అమ్మే చోటు. ఆడగుర్రాలన్నిటికీ ఏడాదికో పిల్ల పుట్టాలని యజమాని ఆశ. వాటి కడుపు సంగతి చూసే డాక్టరుని నేను. చిక్కేమిటంటే, చలికాలంలో పొద్దు తగ్గగానే గుర్రం అండాశయం పడకేస్తుంది. మళ్ళీ పొద్దు పెరిగితే గాని లేవదు. యజమానికి అంత ఓపిక లేదు కాబట్టి సాలలో పెద్ద పెద్ద దీపాలు పెట్టి, చీకటి పడ్డాక కూడా చాలాసేపు వెలిగిస్తాం. అవి ఎండాకాలం వచ్చేస్తోందనుకుని ముందే ఎదకు వస్తాయి. మోసమే, కానీ జీతం తీసుకుని చేస్తున్న మోసం.

ఇక్కడ ఓ పొట్టి మగగుర్రం ఉంది. దాన్ని కంచె అవతల నడిపిస్తాం. ఎదకు వచ్చిన ఆడగుర్రం దగ్గరికొస్తుంది, రానిది చెవులు వెనక్కి పెట్టి తంతుంది. దాని ఉద్యోగం అంతవరకే. తర్వాత ఖరీదైన గుర్రం వస్తుంది, దీన్ని వెనక్కి తోలుకుపోతారు. గుర్రాల్ని చూసుకునే సాయిసులు దాన్ని పెళ్ళిళ్ళ పేరయ్య అంటారు. ఇన్ని సంబంధాలు కుదిర్చిన పేరయ్యకి ఇంకా పెళ్ళి కాలేదు.

చివరి గదిలో దొరసాని అని ఓ గోధుమరంగు గుర్రం ఉంది. చాలా ఏళ్ళ కిందట ఒక్కసారి ఈనింది. ఆ తర్వాత చూలు నిలవలేదు. ఈ ఏడాది కూడా నిలవకపోతే అమ్మేస్తానన్నాడు మేనేజరు. అంత వయసు గుర్రాన్ని ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో నేను అడగలేదు. నువ్వూ అడగకు. నా పట్టుదలంతా ఇప్పుడు దానిమీదే.

మీరు కొత్త క్లినిక్కులో చేరారని అన్నయ్య చెప్పాడు. రాయాలనిపిస్తే రాయి, లేకపోతే మీ దుకాణం కళ్ళద్దాల కబుర్లు చెప్పు.

నీ మరదలు

జనవరి 24

గుర్రాల డాక్టరమ్మకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి అనుమానం వచ్చింది, మూడోసారికి ఓ ఆలోచన వచ్చింది. ఆలోచన సంగతి చివర్న చెప్తాను.

దుకాణంలో ఊపిరాడని పని. అద్దాలు అరగదీసే మిషను ముసలిదైపోయి రోజంతా మూలుగుతోంది. నిన్న ఒకాయన, మీ కొత్త కళ్ళద్దాల్లో ఏమీ కనిపించడం లేదని గొడవకొచ్చాడు. తీరా చూస్తే భార్య కళ్ళద్దాలు పెట్టుకొచ్చాడు. ఇన్నాళ్ళ కాపురంలో ఆవిడ చూపుతో చూడటం అదే మొదటిసారేమో, పాపం తూలిపోయాడు.

క్లినిక్కు సంగతి దాచడానికేముంది. పెళ్ళయి తొమ్మిదేళ్ళు, ఇది మూడో క్లినిక్కు. నాకు అండం పెరుగుతుందట గాని సమయానికి బయటికి రాదట. మీ అన్నయ్య తన భాషలో అర్థం చేసుకున్నారు. "లిఫ్టు పై అంతస్తుకి వచ్చి ఆగుతోంది, తలుపు తెరుచుకోవడం లేదు, అంతేగా" అన్నారు. డాక్టరమ్మ కాసేపు ఆలోచించి అంతేనంది. మాత్రలిచ్చి పెంచుతారు, స్కానింగులో కొలుస్తారు, సైజు రాగానే తలుపు తెరవడానికి ఓ సూది వేస్తారు. ఇలా మూడుసార్లు చూద్దాం, తర్వాత నేనే వద్దంటాను అంది ఆవిడ. నిక్కచ్చి మనిషి. నాకు నచ్చింది. మీ గుర్రాలకీ ఇలాంటి సూది ఉందా? ఉంటే ఎక్కడ వేస్తారు? అవి ఊరుకుంటాయా?

ఇక ఆలోచన. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ మా పడకగదిలో దీపం ఆర్పడం లేదు. హాల్లో పెద్ద బల్బు కూడా పీకి ఇక్కడ పెట్టాను. మీ అన్నయ్య కళ్ళకి తువ్వాలు కట్టుకుని పడుకుంటున్నారు. ఎందుకిదంతా అంటే, మీ చెల్లెలి వైద్యం అని చెప్పాను. దొరసాని ఎదకు వచ్చిందా? నాకైతే ఇప్పటికి తలనొప్పి మాత్రం వచ్చింది.

మీ వదిన

ఫిబ్రవరి 2

వదినా,

ముందు లేచి ఆ దీపం ఆర్పు. ఆర్పి వచ్చాక మిగతాది చదువు.

ఆర్పావా? మనుషులకి పొద్దుతో పని లేదు. అది గుర్రాల గొడవ. అన్నయ్యకి నా తరఫున క్షమాపణ చెప్పు, తువ్వాలు విప్పించు.

సూది ఉంది. నీకు వేసేదీ దొరసానికి వేసేదీ ఒకే మందు. అదెక్కడినుంచి వస్తుందో తెలుసా? కడుపుతో ఉన్న ఆడవాళ్ళ మూత్రం నుంచి తీస్తారు. నెల తప్పిన కొత్తలో ఒంట్లో పుట్టే హార్మోను అది. అండాశయాన్ని ఏమార్చి అండం వదిలేలా చేస్తుంది. మనిషి హార్మోను మాట గుర్రం ఒళ్ళు ఎందుకు వినాలో కాలేజీలో నాకు అస్సలు అర్థం కాలేదు. పుస్తకంలో కారణం ఉంది గాని, ఇప్పటికీ చూసినప్పుడల్లా వింతగానే ఉంటుంది.

దొరసానికి ముందు కొన్నాళ్ళు దాణాలో ఓ నూనెమందు కలిపాం. అది ఎదను ఆపి పెడుతుంది. మందు మానగానే, ఆపినదంతా ఒక్కసారి వస్తుంది. ఆ నూనె ఆడవాళ్ళ చేతికి తగిలితే చర్మంలోంచి లోపలికి ఇంకి మన నెలసరి తారుమారు చేస్తుంది, అందుకని గ్లవుజులు లేనిదే సీసా ముట్టుకోం. నువ్విక్కడ లేకపోవడం మంచిదైంది, అదీ తలకి రాసుకునేదానివి.

ఇప్పుడు రోజూ స్కానింగు. భుజందాకా గ్లవుజు తొడుక్కుని తోక కింద చెయ్యి పెడతాను. అది తన్నకుండా సాయిసు దాని చెవిలో తన సంసారం కష్టాలు చెబుతుంటాడు. తెరమీద అండం సంచి నల్లగా, గుండ్రంగా కనిపిస్తుంది. ముప్ఫై అయిదు మిల్లీమీటర్లు దాటితే మెడమీద సూది. నిన్న వేశాను. రెండు రోజుల్లో అండం విడుదలవ్వాలి, ఈలోపే మగగుర్రం వచ్చి వెళ్ళాలి. ఆలస్యం అమృతం విషం అన్నవాడు గుర్రాల డాక్టరే అయ్యుంటాడు.

నీ మరదలు

ఫిబ్రవరి 18

డాక్టరమ్మా,

దీపం ఆర్పాను. మీ అన్నయ్య ఆ రాత్రి పడుకుని మర్నాడు పనికి ఆలస్యంగా వెళ్ళారు.

ముప్ఫై అయిదు మిల్లీమీటర్లా. నాకు పద్దెనిమిదికే వేసేశారు. అంటే నేను గుర్రంలో సగం. మిల్లీమీటరులో పిసరంత తేడా వచ్చినా అద్దం పారేసే దాన్ని, నా ఒంట్లోనూ ఇంత కొలత ఉందని ఇన్నేళ్ళకి తెలిసింది. సూది వేసిన రోజంతా పొట్టమీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను, తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపిస్తుందేమోనని.

మందు పుట్టుక చదివి మొదట ఛీ అనుకున్నాను. తర్వాత అద్దాలు అరగదీస్తూ అదే ఆలోచన. ఎవరో ఒకావిడ. ఏ ఊరో తెలియదు. నెల తప్పిందని ఎంత సంబరపడి ఉంటుందో. ఆవిడ సంబరంలోంచి ఓ చుక్క నాకొచ్చింది, ఓ చుక్క దొరసానికి వెళ్ళింది. ఆ లెక్కన మేమిద్దరం తోడికోడళ్ళకంటే దగ్గర. ఇకనుంచి నీకు ఇద్దరు వదినలు.

అందుకే మనసులో ఓ ఒట్టు పెట్టుకున్నాను. దొరసానికి నిలిస్తే నాకూ నిలుస్తుంది. దానికి లేకపోతే నాకూ లేదు, ఇక క్లినిక్కు గుమ్మం ఎక్కను. నవ్వకు. తొమ్మిదేళ్ళు డాక్టర్ల మాట విన్నాను, ఈ ఒక్కసారి గుర్రం మాట వింటాను.

మీ అన్నయ్యకి ఈమధ్య తల్లిదండ్రులు లేని పిల్లల హోమ్‌లో పని పడింది. వంటింట్లోంచి పైకి గిన్నెలు పంపే చిన్న లిఫ్టు మాటిమాటికీ ఆగిపోతోందట. చేతులు నల్లగా చేసుకుని వచ్చి, అక్కడి పిల్లల కబుర్లు మొదలుపెడతారు. ఆయన ఎక్కడికి రాబోతున్నారో నాకు తెలుసు. నేను టీవీ సౌండు పెంచుతాను.

నీ మొదటి వదిన

మార్చి 11

వదినా,

దొరసానికి నిలవలేదు. రెండుసార్లు సూది వేశాను. రెండుసార్లూ ఆ నల్లటి గుండ్రం అక్కడే కూర్చుంది, అండం వదల్లేదు. ఒకే మందు ఏళ్ళ తరబడి వేస్తే కొన్నిటి ఒళ్ళు దానికి ఎదురుతిరుగుతుంది. దొరసాని ఒంటికి ఆ మందు పాతబడిపోయింది, ఇక మాట వినదు.

మేనేజరు ఇవాళ సాలలోకి వచ్చి, "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు. ఇంకెన్నాళ్ళు దీనివెంట పడతారు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మొన్న అన్నయ్య ఫోను చేసినప్పుడు ఈ సంగతంతా చెబితే, "పాపం, దాన్నిక వదిలేయకూడదా, ఎంతకని పొడుస్తారు" అన్నాడు. ఆశకి కూడా ఓ హద్దుండాలేమోనని ఒక్కోసారి నాకే అనిపిస్తోంది.

వేరే రకం మందు ఒకటుంది. అడిగి చూస్తాను. ఒట్టు సంగతి మాత్రం మర్చిపో. ఎవరి కడుపు వాళ్ళది.

నీ మరదలు

మార్చి 20

డాక్టరుగారికి,

ఉత్తరం అందింది. అర్థమైంది. "దాన్ని వదిలేయకూడదా" అన్న మాట మీ అన్నయ్య నాతో ఎదురుగా చెప్పలేక నీచేత రాయించారా, లేక నువ్వే ఆయనకి అందించావా? దాణాకి నేను ఎవరిమీదా ఆధారపడలేదు. నా కళ్ళద్దాల సంపాదన నాకుంది.

నాకీ నెల కూడా లేదు. నా ఒంటికి కూడా ఆ మందు పాతబడే ఉంటుంది. క్లినిక్కు మానేశాను. మీ అందరికీ హాయి.

ఇట్లు,
మీ వదిన

మార్చి 28

వదినా,

నేను గుర్రం గురించి రాశాను. గుర్రం గురించే రాశాను. అన్నయ్య అన్నదీ గుర్రం గురించే. దాన్ని రోజూ పొడుస్తున్నామంటే పాపమనిపించి అన్నాడు. నేనేదీ ఎవరిచేతా చెప్పించలేదు, నాచేత ఎవరూ రాయించలేదు. నీకు ఏదైనా చెప్పాలనుకుంటే తిన్నగానే చెప్తాను, నాకు ఇరవై ఏళ్ళప్పుడు నీ పెళ్ళిచీర రంగు బాగాలేదని నీ మొహంమీదే చెప్పినదాన్ని.

నీమీద కోపంగా ఉంది. ఏడుపు కూడా వస్తోంది. నిన్ను ఏమీ అనలేదని రుజువు చేయడానికి నాకు గుర్రం తప్ప వేరే సాక్షి లేదు.

మందు సంగతి: అది మనిషిలో పుట్టిన హార్మోను, గుర్రానికి పరాయిది, అందుకే దాని ఒళ్ళు ఎదురుతిరుగుతుంది. నీకది పరాయిది కాదు. నా మాట నమ్మకపోతే మీ నిక్కచ్చి డాక్టరమ్మని అడుగు. మానేసేది మాత్రం నా ఉత్తరం చూసి మానేయకు.

నీ మరదలు

ఏప్రిల్ 16

బంగారంలాంటి మరదలికి,

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. మీ అన్నయ్యతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడటం లేదో ఆయనకి తెలియదు, అయినా పాపం రోజూ గిన్నెలు కడిగారు. అయిదో రోజు, వదిలేయమన్నది గుర్రాన్నా నన్నా అని అడిగేశాను. తెల్లమొహం వేసి, "గుర్రాన్నే, నిన్నెందుకు" అన్నారు.

మీ మేనేజరు అన్న ఆ గుడ్డి గుర్రం సామెత నేను వినడం మొదటిసారి కాదు. ఎవరన్నారో అడగకు. వాళ్ళతో నువ్వింకా మాట్లాడాలి.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, "నా ఒళ్ళు మందుకి ఎదురుతిరిగిందా" అని అడిగాను. ఎవరు చెప్పారంది. మా ఆడపడుచు, గుర్రాల డాక్టరు అన్నాను. ఆవిడ నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. నువ్వు చెప్పింది నిజమేనంది. ఇంకా ఒక్కసారి మిగిలి ఉంది, మే నెలలో. అదే ఆఖరు. దొరసానికి కొత్త మందు ఇస్తున్నావా? దానికీ ఇదే ఆఖరైతే, ఇద్దరం కలిసే వెళ్తాం. నా ఒట్టు అలాగే ఉంది, నువ్వెంత చెప్పినా.

పెళ్ళిచీర రంగు నిజంగానే బాగాలేదు. అది మీ అన్నయ్య ఎంపిక.

మీ వదిన

మే 30

వదినా,

ఈ ఉత్తరం రాయడానికి కూర్చుని, దొరసానికి చూలు నిలిచిందని రాయాలనుకున్నాను. ఆ ఒక్క మాట చదివితే నీకెలా ఉంటుందో ఊహించుకున్నాను. రాయలేకపోయాను.

నిలవలేదు. కొత్త మందు పనిచేసింది, అండం వదిలింది, మగగుర్రం సమయానికి వచ్చింది. అన్నీ సరిగ్గా జరిగాయి, అయినా స్కానింగులో ఏమీ కనిపించలేదు. ఎందుకో నాకు తెలియదు. ఇంత చదివినా నాకు తెలియదు, అదే బాధ. నీ ఫలితం ఇంకా నాకు తెలియదు. దానికీ దీనికీ సంబంధం లేదని మాత్రం వందసార్లు రాయగలను.

మేనేజరు దాన్ని అమ్మడానికి మాట్లాడేశాడు. సరిగ్గా అప్పుడే వేరే గుర్రం ఒకటి పిల్లను ఈని ఆ పూటే చచ్చిపోయింది. పిల్లకి సీసాతో పాలు పడుతున్నాం. సీసాతో బతుకుతుంది గాని, గుర్రంలా మసలుకోవడం ఎవరు నేర్పుతారు? చూలు లేని గుర్రానికి కూడా హార్మోన్లు ఇచ్చి, రోజూ పొదుగు పిండుతూ ఉంటే పాలు పడతాయి. ఎప్పుడైనా ఒకసారి ఈనినదైతే ఇంకా మంచిది. దొరసానిని అమ్మేముందు నాకు కొన్నాళ్ళివ్వండని అడిగాను. "చూలు మందులయ్యాయి, ఇప్పుడు పాల మందులా" అన్నాడు. నేను కదల్లేదు. చివరికి సరేనన్నాడు.

ఇవాళే మొదలుపెట్టాను.

నీ మరదలు

జూన్ 12

డాక్టరమ్మా,

నాకూ లేదు.

రెండు రోజులు పనికి వెళ్ళలేదు. ఏడ్చాను. మీ అన్నయ్య కూడా ఏడ్చారు, నాకు తెలియకూడదని స్నానాల గదిలో పంపు తిప్పుకుని. నా ఒళ్ళు నాకు అన్యాయం చేసిందని కోపంగా ఉంది. ఆ పేరు తెలియని ఆవిడ మీద కూడా కాసేపు కోపం వచ్చింది. ఆవిడేం చేసిందని? అబద్ధం రాయనందుకు నీకు దండం. రాసుంటే, తర్వాత ఆ అబద్ధం కూడా పోగొట్టుకునేదాన్ని.

ఈ ఉత్తరానికి జవాబుగా నాకు నీతులు రాయకు. దేవుడు ఓ తలుపు మూస్తే లాంటివి అస్సలొద్దు, మా ఇంట్లో తలుపుల గురించి మాట్లాడటం మానేశాం. దొరసానికీ నాకూ పోలిక తీయకు. తీయడం మొదలుపెట్టింది నేనేనని తెలుసు, అయినా తీయకు.

కానీ ఒకటి అడక్కుండా ఉండలేకపోతున్నాను. మోయలేదు, కనలేదు, ఉన్నట్టుండి ఎవరిదో పిల్లని తెచ్చి ముందు నిలబెడితే అదేం చేసింది? దానికి కోపం రాలేదా? కొరికిందా? ఉన్నది ఉన్నట్టు రాయి.

మీ వదిన

జూన్ 25

వదినా,

కొరికింది.

పాలు పడ్డాయి. మొదట చుక్కలు, తర్వాత చిన్న చెంబుడు. ఈనినట్టు ఒంటికి నమ్మకం కలగాలి కాబట్టి లోపల చెయ్యి పెట్టి కాసేపు ఒత్తాను. అప్పుడు పిల్లని తెచ్చాం. అది తిన్నగా పొదుగు దగ్గరికి వెళ్ళింది. దొరసాని తల తిప్పి, వాసన చూసి, మెడమీద కొరికింది. పిల్ల కిందపడింది. సాయిసు లాగేశాడు. మేనేజరు వెళ్ళిపోయాడు.

నాకు భయం వేసింది గాని దిగులు పడలేదు. పట్టించుకోని గుర్రం కొరకదు వదినా. గోడకేసి తిరిగి నిలబడుతుంది, పిల్ల ఉన్నా లేనట్టే. దానితో ఏమీ చేయలేం. కొరికిందంటే, నువ్వెవరు, నా దగ్గరికెందుకొచ్చావు అని అడిగినట్టు. అడిగినదానికి జవాబు చెప్పొచ్చు.

మధ్యలో ఓ కర్ర అడ్డం పెట్టి ఇద్దర్నీ ఒకే గదిలో ఉంచాం. ఘాటు వాసన మలాం దాని ముక్కుకీ, పిల్ల వీపుకీ రాశాం, ఇద్దరిదీ ఒకే వాసన అయ్యేలా. రోజూ కాసేపు కలపడం, తన్నబోతే విడదీయడం. దాని ఓపికా నా ఓపికా రెండూ అయిపోతున్న సమయంలో, మొన్న పొద్దున పిల్లని సాలలోంచి బయటికి తీసుకెళుతుంటే దొరసాని గొంతులోనే చిన్నగా పిలిచింది. సకిలింపు కాదు, లోపలి పిలుపు. పిల్ల వెనక్కి పరిగెత్తి తాగడం మొదలుపెట్టింది. అది కాలెత్తలేదు. నేను దాణా బస్తామీద కూర్చుని ఏడ్చాను.

మేనేజరు వచ్చి చాలాసేపు చూశాడు. దాణా పెంచమన్నాడు.

నీతులు రాయలేదు, గమనించు.

నీ మరదలు

సెప్టెంబరు 14

డాక్టరమ్మకి,

కొరికింది. ఈసారి దొరసాని కాదు.

జూన్, జులై రెండు నెలలూ మీ అన్నయ్య నోరు విప్పలేదు, నేను టీవీ సౌండు పెంచలేదు. కిందటి నెల నేనే అడిగాను, హోమ్‌లో ఆ చిన్న లిఫ్టు ఇంకా ఆగిపోతోందా అని. ఆయన జాగ్రత్తగా, "ఆగిపోతోంది" అన్నారు. ఆ ఆదివారం నేనూ వెళ్ళాను.

నాలుగేళ్ళ పిల్ల. భోజనాల బల్ల కింద కూర్చుని ఉంది. లిఫ్టు ఆగడానికి కారణం అదేనట. గిన్నెలు పెట్టే చోట చెప్పులు పడేస్తుంది, అవి పైకి వెళ్తాయో లేదో చూడటానికి. మీ అన్నయ్య వంగి చెయ్యి చాపారు. బొటనవేలు కొరికేసింది, రక్తం వచ్చేలా.

వార్డెను కంగారుపడి, "దీని సంగతి ఇంతేనండీ, వేరే పిల్లల్ని చూపిస్తాను, నెమ్మదస్తులు ఉన్నారు" అంది. మూల ఓ పిల్లాడు గోడకేసి తిరిగి కూర్చున్నాడు. వాడి పక్కన కాసేపు నిలబడ్డాను, ఇటు తిరగలేదు. కానీ బల్ల కిందినుంచి రెండు కళ్ళు నన్నే చూస్తున్నాయి, నువ్వెవరు అన్నట్టు. నేను నేలమీద కూర్చుని నా పేరు చెప్పాను. అది నా కళ్ళద్దాలు అడిగింది. ఇచ్చాను. పెట్టుకుని తూలింది.

నాలుగు వారాలుగా వెళ్తున్నాం. ఇంకా దగ్గరికి రాదు, కానీ మేము లేచేసరికి గుమ్మందాకా వస్తుంది. దత్తత కాగితాలు నడుస్తున్నాయి. దిగులు పోలేదు, నీకు అబద్ధం చెప్పను. దిగులుతోనే వెళ్తున్నాను.

ఇంకొకటి. అక్కడి పిల్లలకి ఏ సబ్బు రుద్దుతారని వార్డెనుని అడిగాను. పసుపుపచ్చ రంగు, ఘాటు వాసన, బట్టలుతకడానికైనా పనికొస్తుంది. డజను కొన్నాను. నేనూ మీ అన్నయ్యా ఇప్పుడు దాంతోనే స్నానం చేస్తున్నాం. ఆయన ఒళ్ళంతా దద్దుర్లు. ఎందుకని అడగలేదు, మా చెల్లెలి వైద్యమా అన్నారు, అంతే.

దీపం ఆర్పమన్నట్టు సబ్బు మానమని రాస్తావేమో. రాయి. మానను.

మీ వదిన